రెండోసారి యాక్సిల్ పోయింది, 300ఎం షాఫ్ట్ కొనాల్నా? అసలు ఈ సీవీ జాయింట్ లోపల ఏం జరుగుతది?

బూస్ట్‌గాడు_హైద్:

అందరికీ నమస్తే. రెండేండ్ల నుంచి చదువుడే తప్ప రాసింది లేదు, ఇయ్యాల గతిలేక రాస్తున్న. నా బండి 1.8 టర్బో పెట్రోల్ సెడాన్, ఫ్రంట్ వీల్ డ్రైవ్, మాన్యువల్. కంపెనీ పేరు రాయను, రాస్తే బండి ఎవరిదో సగం మందికి తెలిసిపోతది, మా బావ కూడా ఇక్కడనే తిరుగుతుంటడు, ఆయనకు తెలిస్తే ఇంట్ల తెలిసినట్టే. స్టాక్‌ల టార్క్ 250 న్యూటన్ మీటర్లు, పెద్ద టర్బో, ఇంటర్‌కూలర్, డౌన్‌పైప్, ట్యూన్ అన్నీ అయినంక ఇప్పుడు 380 దగ్గర ఉంది. కాయిలోవర్లు, అంటే ఎత్తు మార్చుకునే స్ప్రింగ్ సస్పెన్షన్, ఏసి బండిని 45 మి.మీ. కిందికి దించిన.

కథ ఏందంటే మార్చిల రైట్ సైడ్ యాక్సిల్‌కు చక్రం దిక్కు ఉండే బయటి సీవీ జాయింట్ (కాన్‌స్టంట్ వెలాసిటీ, అంటే వంగినా ఒకే స్పీడ్‌ల తిప్పే జాయింట్) పోయింది. లక్ష కిలోమీటర్లు తిరిగిన జాయింట్ కదా, పాతదైంది అనుకొని బయట మార్కెట్‌ల కొత్తది కొని ఏపిచ్చిన. నాలుగు నెలలు కాలే, మళ్ళ అదే సైడు అదే జాయింట్. యూటర్న్ తీస్కుంటూ కొంచెం గట్టిగ తొక్కిన, ముందు టైర్ గడగడ గంతులేసింది, ఆ ఎంటనే ఢమ్మని సౌండ్. ఇంజన్ తిరుగుతుంది, గేర్ పడుతుంది, బండి మాత్రం ఇంచు కదలదు. రాత్రి పదకొండింటికి టో బండి మీద ఇంటికి. విప్పి చూస్తే లోపల గోళీలను పట్టి ఉంచే కేజ్ మూడు ముక్కలు, రెండు గోళీలు బూటుల, అంటే పైన ఉండే రబ్బర్ తొడుగుల, పడి ఉన్నయ్.

ఇప్పుడు నా డౌట్లు. ఒకటి, అమెరికా నుంచి 300ఎం స్టీల్ షాఫ్టులు తెప్పిస్తే అయిపోతదా? జత మీద షిప్పింగ్, డ్యూటీ అన్నీ కలిపి నా రెండు నెలల జీతం అయితది. రెండు, బాలానగర్‌ల లేత్ ఆయన ఒకరు ఈఎన్24 స్టీల్ రాడ్ తెస్తే అదే చేసిస్త అంటుండు, చేపియొచ్చా? మూడోది సిగ్గిడిచి అడుగుతున్న, అసలు ఈ జాయింట్ ఎట్ల పనిచేస్తది? వంకర పెట్టినా స్పీడ్ మారదు అంటరు, ఎందుకు మారదో ఎవ్వరూ చెప్పరు. వీడియోలు చూసిన, యానిమేషన్‌ల గోళీలు గిరగిర తిరుగుతయ్, మ్యూజిక్ వస్తది, అయిపోతది.

టర్బో_తమ్ముడు:

బ్రో దీంట్లో ఆలోచించేది ఏముంది, 380 అంటే స్టాక్ యాక్సిల్ ఆగదు, సింపుల్. 300ఎం తీస్కో, లైఫ్ టైమ్ టెన్షన్ ఉండదు. నా ఫ్రెండ్ వేసాడు, ఇప్పటిదాకా ఏం కాలేదు. చీప్‌గా పోతే రెండుసార్లు కొనాలి, నువ్వే చూసావుగా.

మంచుదేశంలో_మనోడు:

తమ్ముడూ ఆగండి, డబ్బులు పంపేలోపు ఇది ఒకసారి చదవండి. నేను మిషిగన్‌లో ఉంటాను, పన్నెండేళ్ళుగా డ్రైవ్‌లైన్ టెస్టింగే నా ఉద్యోగం, అంటే జాయింట్లని కావాలని విరగ్గొట్టడమే నాకు జీతం. మీ మూడో ప్రశ్న నుంచి మొదలుపెడతా, ఎందుకంటే మొదటి రెండింటికీ జవాబు దాంట్లోనే ఉంది.

ముందు లారీ ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి ఉండే క్రాస్ సంగతి గుర్తు తెచ్చుకోండి. రెండు యోకులు, అంటే రెండు కొమ్ముల పంగలు, మధ్యలో ప్లస్ గుర్తులాంటి ముక్క. షాఫ్టులు ఒకే గీత మీద ఉన్నంతసేపు సమస్య లేదు. కాస్త వంచారంటే, ఇటు వైపు మీరు ఎంత సమానంగా తిప్పినా అటు వైపు షాఫ్ట్ ఒక చుట్టులో రెండుసార్లు ముందుకు పరిగెడుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. 10 డిగ్రీల వంపుకి తేడా ఒకటిన్నర శాతం అటూ ఇటూ, అది పెద్దగా తెలియదు. అదే 30 డిగ్రీలు వంచితే, ఇటు 1000 ఆర్‌పీఎం ఇస్తే అటు 866 నుంచి 1155 మధ్య ఊగుతుంది. లారీలో రెండు క్రాసులు పెట్టి ఒకదాని తప్పుని ఇంకోదానితో కొట్టేస్తారు. కానీ ముందు చక్రం స్టీరింగ్‌తో 40 డిగ్రీలు తిరగాలి, అక్కడ ఒక్క క్రాస్ పెడితే స్టీరింగ్ చేతిలో గిలక్కాయలా కొట్టుకుంటుంది.

ఇప్పుడు సీవీకి వద్దాం. రెండు షాఫ్టులు కోణంలో కలిశాయి. ఆ కోణానికి సరిగ్గా సగంలో ఒక అద్దం నిలబెట్టారనుకోండి. ఇటు షాఫ్ట్ ప్రతిబింబమే అటు షాఫ్ట్. బలం ఇటు నుంచి అటు దాటే చోటు ఎప్పుడూ ఆ అద్దం మీదే ఉందనుకోండి, ఆ చోటు రెండు షాఫ్టుల నడిమి గీతలకీ ఒకే దూరంలో ఉంటుంది. దూరం ఒకటే అయితే స్పీడూ ఒకటే. ఒకే సైజు బెవెల్ గేర్లు (కోణంలో కలిసే ఏటవాలు పళ్ళ గేర్లు) రెండు కలిస్తే పళ్ళు ఎక్కడ కలుస్తాయో అక్కడే ఈ అద్దం ఉంటుంది, అవి ఒకటికి ఒకటే తిరుగుతాయి కదా, ఇదీ అంతే. కాకపోతే గేర్ల కోణం మారదు, మనకి స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ మారాలి. సీవీ జాయింట్ అంటే కోణం మారినప్పుడల్లా తన అద్దాన్ని తనే జరుపుకునే బెవెల్ గేరు అనుకోండి.

మీ బండిలో బయటి జాయింట్ పేరు జెప్పా జాయింట్. ఆల్ఫ్రెడ్ జెప్పా అనే ఆయన 1920ల చివర్లో పేటెంట్ చేశాడు, స్పెల్లింగ్‌లో ముందు ఆర్ ఉంటుంది గానీ పలకరు. దానికంటే కాస్త ముందు 1926లో ఫ్రాన్సులో గ్రెగ్వార్, ఫెనాయ్ ట్రాక్టా జాయింట్ తెచ్చారు, అది వేరే రకం, వదిలేయండి. జెప్పా డిజైన్‌లో నాలుగే వస్తువులు. లోపల రేస్ (గోళీలు నడిచే ఉక్కు కట్టు), బయట గంటలాంటి రేస్, రెండింట్లోనూ ఎదురెదురుగా ఆరు గాళ్ళు, ఆ గాళ్ళలో ఆరు గోళీలు, గోళీలని పట్టుకోడానికి కిటికీలున్న ఒక కేజ్. బలం గోళీల్లోంచే దాటుతుంది, కాబట్టి ఆరు గోళీలూ ఆ అద్దం మీదే ఉండాలి. ఎలా ఉంచుతారంటే, లోపలి గాడి వంపు కేంద్రాన్ని జాయింట్ కేంద్రానికి కాస్త ఒక పక్కకి, బయటి గాడి వంపు కేంద్రాన్ని అంతే దూరం రెండో పక్కకి జరుపుతారు. దాంతో ఎదురెదురు గాళ్ళ మధ్య జాగా గరాటులా, ఒక చివర వెడల్పుగా ఒక చివర ఇరుగ్గా తయారవుతుంది. జాయింట్ వంగినప్పుడు ఈ గరాటే గోళీని సగం కోణం దగ్గరికి నెడుతుంది, కేజ్ ఆరింటినీ ఒకే పళ్ళెంలో పెట్టినట్టు పట్టి ఉంచుతుంది.

ఇక్కడే మీకు కావల్సిన విషయం ఉంది. గరాటు కాబట్టి టార్క్ పడినప్పుడు ప్రతి గోళీ వెడల్పు వైపు జారిపోదామని చూస్తుంది. ఆపేది కేజ్. షాఫ్టులు నిటారుగా ఉంటే ఆరు గోళీలూ బరువు సమానంగా పంచుకుంటాయి, కేజ్‌కి పెద్ద కష్టం ఉండదు. కోణం పెరిగేకొద్దీ బరువు ఒక గోళీ మీద ఎక్కువ, ఒకదాని మీద తక్కువ పడుతుంది, పైగా ప్రతి గోళీ ఒక చుట్టుకి ఒకసారి గాడిలో ముందుకీ వెనక్కీ పరిగెడుతుంది. 80 కిలోమీటర్ల స్పీడ్‌లో చక్రం సెకనుకి దాదాపు 11 చుట్లు, అంటే అన్ని పరుగులు. ఫుల్ లాక్‌లో గోళీలు గాడి చివరిదాకా పోతాయి, కేజ్ కిటికీల మధ్య ఉన్న సన్నటి పట్టీల మీద మొత్తం భారం. మీ కేజ్ మూడు ముక్కలైందంటే నాకు అనుమానం షాఫ్ట్ మీద కాదు.

లోపలి జాయింట్ వేరే. ఎక్కువ బండ్లలో ట్రైపాడ్ ఉంటుంది, మూడు కాళ్ళు, మూడు రోలర్లు, అవి గొట్టంలాంటి గిన్నెలో లోపలికీ బయటికీ జారతాయి. చక్రం పైకీ కిందకీ ఆడినప్పుడు షాఫ్ట్ పొడుగు మారాలి కదా, ఆ పని దీనిది. వంగేది మాత్రం పాతిక డిగ్రీల లోపే. బయటిది 45 దాటి వంగుతుంది గానీ జారదు. ఒకరు వంగుతారు, ఇంకొకరు జారతారు, కాపురం నడుస్తుంది.

ఫోటోలు పెట్టండి. ముఖ్యంగా షాఫ్ట్ చివర స్ప్లైన్లు, అంటే జాయింట్‌లోకి దూరే పళ్ళు.

ఆటోనగర్_మావయ్య:

బాబూ, మాది బెజవాడ ఆటోనగర్. మా అబ్బాయి ఫోన్లో తెలుగు టైపు పెట్టిచ్చాడు, తప్పులుంటే సర్దుకోండి. పైన మిషిగన్ బాబు చెప్పింది చదివాను, నలభై ఏళ్ళు ఈ గోళీలు కడిగాను గానీ అద్దం సంగతి ఇప్పుడే తెలిసింది. బాగా చెప్పావయ్యా.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. అప్పటిదాకా మాకు తెలిసింది అంబాసిడర్, ఫియట్, లారీలు, అన్నీ వెనక చక్రాలు తిరిగేవే, క్రాస్ పోతే క్రాస్ మార్చేవోళ్ళం, అరగంట పని. ఈ మారుతి మా షెడ్డుకి మొదటిసారి టక్ టక్ అంటా వచ్చినప్పుడు మా మేస్త్రి బేరింగ్ అన్నాడు, బేరింగ్ మార్చాం, పోలేదు. బ్రేక్ ప్యాడ్ అన్నాడు, అదీ కాదు. చివరికి బూటు కోసి చూస్తే లోపల గ్రీజు లేదు, ఎర్రమట్టి ముద్ద. అప్పటినుంచి నా లెక్క ఒకటే, స్టీరింగ్ తిప్పి కదిలిస్తే టకటక అంటే బయటి జాయింటు, నేరుగా పోతా ఎక్సలేటర్ ఇచ్చినప్పుడు బండి వణికితే లోపలిది, ఎక్సలేటర్ వదిలి పట్టుకున్నప్పుడు ఠక్ మంటే లోపలి దాంట్లో ఆట వచ్చినట్టు.

నీ సంగతికి వస్తే మూడు చూసి చెప్పు. ఒకటి, స్ప్లైన్ పళ్ళు నిటారుగా ఉన్నాయా, జడ అల్లినట్టు మెలి తిరిగాయా? మెలి తిరిగితే షాఫ్టు చాలటం లేదని అర్థం. నిటారుగా ఉంటే షాఫ్టుకి ఏం కాలేదు, దాన్ని మార్చి ఏం బావుకుంటావు? రెండు, రెండుసార్లూ యూటర్న్ లోనేనా? మూడు, ఇంజన్ మౌంటింగులు ఎప్పుడు మార్చావు? టైరు గంతులేసింది అన్నావు, అది ఊరికే వెయ్యదు.

ఇంకోటి, లేత్ ఆయన దగ్గరికి ఇప్పుడే పరిగెత్తబాక. ఈఎన్24 మంచి సరుకే, నేను కాదనను. కానీ రాడ్డు లేత్ మీద తిప్పి పళ్ళు కొయ్యటంతో షాఫ్టు అవదు. హీట్ ట్రీట్‌మెంట్ అయ్యాక రాడ్డు వంకర తిరుగుద్ది, పళ్ళు తేడా వస్తయ్యి, అప్పుడు దాన్ని లోపలి రేసులోకి సుత్తితో కొట్టి ఎక్కిస్తారు, నేను చూశాను. ఇక ఇంజన్ స్వాప్ చేసేవోళ్ళు రెండు షాఫ్టులు కోసి, మధ్యలో గొట్టం తొడిగి, వెల్డింగు చేస్తన్నారు. వెల్డింగు వేడికి కంపెనీవాడు పైన పట్టిచ్చిన గట్టిదనం అక్కడ పోద్ది, దాని పక్కనే పెళుసు తయారవుద్ది. మా దగ్గరికి ఒక బండి అట్టాంటిది వచ్చింది, విరిగిన షాఫ్టు ముక్క తిరిగి తిరిగి గేర్‌బాక్స్ గిన్నెకి బొక్క పెట్టింది. మనిషికి తగల్లేదు, అదృష్టం.

బూస్ట్‌గాడు_హైద్:

మావయ్యా, మంచుదేశం అన్నా, ఇద్దరికీ దండం. ఫోటోలు పెట్టిన. స్ప్లైన్లు నిటారుగనే ఉన్నయ్, స్కేల్ పెట్టి చూసిన, ఒక్క పన్ను కూడా మెలి తిరగలే. షాఫ్ట్ మీద గీత కూడా లేదు. మొదటిసారి పోయింది కూడా యూటర్న్‌లనే, ఇప్పుడు అడిగితే గుర్తొచ్చింది. మౌంటింగులు బండి కొన్నప్పటి నుంచి మార్చలే, కింద గేర్‌బాక్స్ కాడ ఉండే కుక్క ఎముక (డాగ్‌బోన్) లాంటి మౌంట్ రబ్బర్ చీలి ఉంది. ట్యూన్ చేసినాయన కూడా మార్చమన్నడు, నేనే డౌన్‌పైప్ పైసల్ల పడి మర్చిపోయిన.

కానీ ఒక్కటి సమజ్ అయితలేదు. రెండుసార్లూ రైట్ సైడే ఎందుకు పోవాలె? రెండు చక్రాలకు టార్క్ పంచే డిఫరెన్షియల్ మామూలుదే, ఎల్ఎస్‌డీ (ఒక చక్రమే జారకుండ ఆపే రకం) లేదు. రెండు దిక్కులా టార్క్ సమానంగనే పోతది కదా?

ఇంకా లోయర్ చేసినందుకే పోయిందని మా దోస్తులు అందరూ నన్నే తిడుతున్నరు.

మంచుదేశంలో_మనోడు:

రైట్ సైడే ఎందుకు అన్న ప్రశ్నకి జవాబు మీ ఊరి ట్రాఫిక్‌లో ఉంది. నేను ఆఖరిసారి హైదరాబాద్ వచ్చినప్పుడు చూశాను, సిగ్నళ్ళు మూసేసి ఎక్కడ చూసినా యూటర్న్‌లే. మన దేశంలో ఎడమ పక్క నడుపుతాం కాబట్టి యూటర్న్ అంటే ఎప్పుడూ కుడికే. కుడికి తిరిగితే కుడి చక్రం లోపలి చక్రం, చిన్న వృత్తంలో తిరగాలి కాబట్టి అది ఎడమ చక్రం కంటే ఎక్కువ కోణం తిరుగుతుంది. ఎడమది 32 డిగ్రీల దగ్గర ఉంటే కుడిది 38, 40 దగ్గర ఉంటుంది. టార్క్ రెండిటికీ సమానం, నిజమే. కోణం సమానం కాదు. పైగా తిరిగేటప్పుడు బరువు బయటి చక్రం మీదికి పోయి లోపలిది తేలికవుతుంది, ముందు జారేదీ గంతులేసేదీ అదే. ఫుల్ లాక్, గట్టి టార్క్, గంతులు, మూడూ ఒకే జాయింట్ మీద. ఇక్కడ అమెరికాలో కుడి పక్క నడుపుతాం, మా యూటర్న్ ఎడమకి, లెక్కప్రకారం ఇదే అలవాటు ఉన్నవాడికి ఇక్కడ లెఫ్ట్ జాయింట్ పోవాలి.

లోయరింగ్ గురించి మీ ఫ్రెండ్స్‌కి ఈ లెక్క చూపించండి. షాఫ్ట్ పొడుగు ఎంతో మీరు కొలవండి, నేను 380 మి.మీ. అనుకుంటున్నా. 45 మి.మీ. దించితే కోణం మారేది 7 డిగ్రీల లోపు. స్టాక్‌లో చక్రం వైపు మూడు నాలుగు డిగ్రీలు కిందకి వాలి ఉండే షాఫ్ట్ ఇప్పుడు మూడు డిగ్రీలు పైకి వాలింది, అంతే. 38 డిగ్రీల స్టీరింగ్ ముందు ఈ మూడు ఒక లెక్కా? రెండు కోణాలూ వేరే వేరే దిక్కులకి కాబట్టి నేరుగా కూడవు కూడా, కలిపితే 38 కాస్తా 38కి పైన చిటికెడు. కాకపోతే గట్టి స్ప్రింగ్, తక్కువ ట్రావెల్ వల్ల గంతులు పెరుగుతాయి, ఆ పాపం మాత్రం కాయిలోవర్లకి కొంత ఉంది.

ఇప్పుడు పవర్ లెక్క, ఎందుకంటే 380 ఆగదు అని పైన ఎవరో రాశారు. ఫస్ట్ గేర్ 3.4, ఫైనల్ డ్రైవ్ 3.9 అనుకుందాం. 380 ఇంటూ 3.4 ఇంటూ 3.9 అంటే 5040 దగ్గర, రెండు చక్రాలకి పంచితే ఒక్కోదానికి 2500 న్యూటన్ మీటర్ల పైమాట. వినడానికి భయంగా ఉంది. కానీ టైర్ అంత పట్టుకోగలదా? మీ బండి 1400 కిలోలు, 60 శాతం ముందు ఉందనుకుంటే ఒక్కో ముందు చక్రం మీద 420 కిలోలు. టైర్ బరువంత పట్టు ఇస్తుందనుకుందాం, వ్యాసార్థం 0.31 మీటర్లు. లెక్కేస్తే 1280 న్యూటన్ మీటర్ల దగ్గర టైర్ జారిపోతుంది. అంటే నిలకడగా తొక్కినంతసేపు మీ షాఫ్ట్‌కి ఇంజన్ ఇచ్చేదాంట్లో సగమే పడుతుంది, మిగతాది పొగ. మరి విరిగేది ఎప్పుడంటే గంతులప్పుడు. టైర్ జారి స్పీడందుకుంటుంది, సస్పెన్షన్ వెనక్కి కొట్టి టైర్‌ని మళ్ళీ రోడ్డుకి నొక్కుతుంది, జోరుగా తిరుగుతున్న చక్రం, షాఫ్ట్, గేర్‌బాక్స్, ఫ్లైవీల్ అన్నీ ఒక్కసారి ఆగాలి. ఆ దెబ్బ పడేది జాయింట్ మీద. సెకనులో పది పన్నెండు సార్లు పడుతుంది. దానికి 300ఎం షాఫ్ట్ తెచ్చి అదే మార్కెట్ జాయింట్ బిగిస్తే, కొత్త షాఫ్ట్ చివర పాత కేజ్ మళ్ళీ విరుగుతుంది.

300ఎం చెడ్డదని కాదు. 4340 అనే స్టీల్‌లో సిలికాన్ పెంచి కాస్త వెనేడియం కలిపితే వచ్చే స్టీల్ అది, విమానాల ల్యాండింగ్ గేర్లకి వాడేది. మంచి షాపువాళ్ళు షాఫ్ట్ నడుముని స్ప్లైన్ పళ్ళ అడుగు కంటే కొద్దిగా సన్నగా తిప్పుతారు, ఎందుకంటే మెలి పొడుగంతా పంచుకోవాలి, స్ప్లైన్ అంచు దగ్గర ఒక్కచోట చేరకూడదు. అది దెబ్బని కొంచెం మింగే స్ప్రింగ్‌లా కూడా పనిచేస్తుంది. లావు పెంచితే బలం ఘనంతో పెరుగుతుంది, 22 నుంచి 25 మి.మీ. చేస్తే దాదాపు 47 శాతం ఎక్కువ. ఇవన్నీ షాఫ్ట్ మెలి తిరిగినవాడికి పనికొచ్చే మాటలు. మీ స్ప్లైన్లు నిటారుగా ఉన్నాయి.

కేజ్ విరిగేవాళ్ళు ఏం చేస్తారో చూడాలంటే ఇక్కడి ఇసుక బగ్గీల వాళ్ళని చూడాలి. వాళ్ళు పోర్షే 930 కారు జాయింట్ వాడతారు, 108 మి.మీ. వెడల్పు, దాంట్లో కేజ్ మాత్రం తీసేసి క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన స్టీల్) కేజ్ వేస్తారు. వాళ్ళకి మీ సమస్యే, పవర్ కంటే కోణం ఎక్కువ.

సీడెడ్_థార్:

అన్నా మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దండి. నాది థార్, రెండు ఇంచులు లిఫ్ట్ చేసినా. ముందు ఫోర్ వీల్ వేసి ఎక్కించేటప్పుడు వణుకు వస్తాండాది, రోడ్డు మీద టూ వీల్‌లో ఏమీ లేదు. బూటు కూడా ఆరు నెలలకే చీలింది. ఇదీ కోణం కతేనా?

మంచుదేశంలో_మనోడు:

మీ కథ వీరిది తిరగేసినట్టు ఉంది. మీకు స్టీరింగ్ కాదు, లిఫ్టే కోణం. డిఫరెన్షియల్ ఎక్కడున్నది అక్కడే ఉంది, చక్రం రెండు ఇంచులు కిందకి పోయింది, పొట్టి షాఫ్ట్ కాబట్టి రోజంతా ఏటవాలుగానే తిరుగుతుంది. మీ లోపలి జాయింట్ ట్రైపాడ్ రకమైతే, అది కోణంలో టార్క్ మోసినప్పుడు ఒక చుట్టుకి మూడుసార్లు షాఫ్ట్‌ని పక్కకి తోస్తుంది, ఆ తోపే మీ వణుకు. టూ వీల్‌లో దాని మీద టార్క్ లేదు కాబట్టి తెలియదు. బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుని చీలుతున్నాయి. డిఫరెన్షియల్‌ని కాస్త దించే బ్రాకెట్లు దొరుకుతాయి, లేదంటే ఒక ఇంచు తగ్గించుకోండి. నేనైతే ఇంచు తగ్గిస్తా.

టర్బో_తమ్ముడు:

సరే నేను తొందరపడ్డా, ఒప్పుకుంటున్నా 🙏 కానీ షాఫ్ట్ కూడా వేసేస్తే సేఫ్ కదా? నష్టం ఏముంది?

ఆటోనగర్_మావయ్య:

నష్టం ఉంది బాబూ. ఎక్కడో ఒకచోట విరగాలి. ఇప్పుడు విరుగుతున్నది జాయింటు, నాలుగు బోల్టులు విప్పితే బయటికొచ్చేది. నువ్వు జాయింటూ షాఫ్టూ రెండూ ఇనప గుండు చేసి, మౌంటింగు చీలినది చీలినట్టే వదిలేసి గంతులేయిస్తే, ఆ దెబ్బ గేర్‌బాక్స్ లోపలికి పోద్ది. డిఫరెన్షియల్ పిన్ను విరిగి గిన్నె పగిలితే అప్పుడు ఏడుపే. ఇంట్లో ఫ్యూజు మాటిమాటికీ పోతంది అని లావు తీగ చుట్టేవోళ్ళు ఉంటారు చూడు, అట్టా ఉంది నువ్వనేది.

హైదరాబాద్ బాబూ, నీకు నేను చెప్పేది వరసగా ఇది. ముందు మౌంటింగులు, అన్నీ, కిందది కాస్త గట్టి రకం వెయ్యి, మరీ ఇనప బుష్షు వెయ్యబాక, డాష్‌బోర్డు రాలిపోద్ది. లోయర్ ఆర్మ్ బుష్షులు కూడా చూడు, అవి నమిలేసినా చక్రం గంతులేస్తది. తర్వాత జాయింటు మంచిది, బండి కంపెనీకి సప్లై చేసేవోళ్ళది కొను. విప్పి కేజ్ చూసుకో, కిటికీ మూలలు పదునుగా కోసినట్టు ఉంటే వద్దు, గుండ్రంగా తిప్పి నున్నగా ఉండాలి. పగులు మొదలయ్యేది ఆ మూలనే. నీ విరిగిన ముక్కలు ఫోటోలో చూశాను, మూడూ మూలల్లోనే తెగినయ్యి.

హబ్ నట్టు కొత్తది వాడు, పాతది మళ్ళీ బిగించబాక. నట్టు వదులుగా ఉన్నప్పుడు బండిని చక్రం మీద నిలబెట్టి దొర్లించమాక, బేరింగు పోద్ది. క్లిప్పులు అసలువే వెయ్యి, ప్లాస్టిక్ తాడు కట్టేవోళ్ళని చూశాను, వారానికి బూటు ఊడొచ్చుద్ది.

ఇంకో పాత కిటుకు ఉంది, రెండు పక్కల జాయింటు ఒకటే అయిన బండ్లకి. గోళీలు ముందుకు పోయేటప్పుడు గాడికి ఒక గోడనే నొక్కుతయ్యి, రెండో గోడ కొత్తగానే ఉంటది. కొంచెం అరిగాక కుడిది ఎడమకి, ఎడమది కుడికి మారిస్తే అరగని గోడ పనిలోకి వస్తది. డబ్బుల్లేని రోజుల్లో మేం ఇట్టాగే ఇంకో ఏడాది లాగేవోళ్ళం. టకటక మొదలయ్యాక మాత్రం మార్చినా ఉపయోగం లేదు.

బూస్ట్‌గాడు_హైద్:

అప్‌డేట్ ఇస్తున్న, మూడు వారాలైంది. మౌంటింగులు అన్నీ మార్చిన, లోయర్ ఆర్మ్ బుష్షులు కూడా, లెఫ్ట్ సైడ్‌ది పూర్తిగా నుజ్జయి ఉండె. ట్యూన్ చేసినాయనకు చెప్పి ఫస్ట్ గేర్‌ల బూస్ట్ తగ్గిపిచ్చిన, ముందుగాల మనసొప్పలే కానీ ఎట్లాగూ టైర్ జారుడే కదా, ఇప్పుడు ఇంకా జల్దీ కదులుతుంది బండి, ఇది నేను ఊహించలే. జాయింట్ మంచిదే ఆర్డర్ పెట్టిన, వచ్చేదాక గ్యారేజ్ ఆయన ఇచ్చిన పాత షాఫ్ట్ మీద ఆఫీసుకు మెల్లగ పోయొస్తున్న. ఖాళీ పార్కింగ్‌ల స్టీరింగ్ నేరుగ పెట్టి ఒకసారి గట్టిగ వదిలి చూసిన, గంతులు లేవు, ఉత్తగ సర్రుమని జారింది. యూటర్న్‌ల అయితే చక్రం నేరుగ అయ్యేదాక కాలు గుడ్డు మీద పెట్టినట్టు పెడుతున్న, ఎనకున్నోళ్ళు హారన్ కొడుతున్నరు, కొట్టనీ.

300ఎం పైసలు మిగిలినయ్. టైర్లకు పెడుదామనుకుంటున్న.

మావయ్యా, ఒక్క డౌట్. జాయింట్‌తోని గ్రీజు పాకెట్ ఒక్కటే వస్తదట, నల్లది. ఇది సరిపోకపోతే నా దగ్గర వీల్ బేరింగ్ గ్రీజు డబ్బా ఉంది, కలపొచ్చా?

ఆటోనగర్_మావయ్య:

కలపబాక. నల్లది మాలిబ్డినం ఉన్నది, గోళీల జాయింటుకి అదే. లోపలి ట్రైపాడ్‌కి వేరే గ్రీజు ఉంటది, దాని పాకెట్ దానికి. రెండు జాతుల గ్రీజు కలిస్తే కొన్నిసార్లు పల్చబడి నీళ్ళలాగా కారిపోద్ది. పాకెట్లో ఎంతుంటే అంతా కూరు, సగం గాళ్ళలోకి వేలుతో నొక్కి, మిగతాది బూటులో. ఎక్కువ ఎయ్యొద్దు, మిగల్చనూ వద్దు.

ఆ కేజ్ ముక్కలు పారెయ్యకుండా బెజవాడ పంపిచ్చు, కొరియర్ డబ్బులు నేనిస్తా. మా షెడ్డులో ఇద్దరు కొత్త కుర్రోళ్ళు ఉన్నారు, మూలలో పగులు ఎట్టా మొదలయ్యిద్దో చేత్తో పట్టుకుని చూడాలి వాళ్ళు.